హైదరాబాద్ మందు మాయాబందర్ చేరేదెప్పుడు?

2025 సెప్టెంబర్ 24న రెండు ప్రకటనలు వెలువడ్డాయి. హెచ్‌ఐవి సోకకుండా ఆరు నెలలకొకసారి చేసే సూదిమందు లెనకాపవిర్‌ను ఏడాదికి మనిషికి 40 డాలర్ల ధరకు 2027 నుంచి పేద, మధ్యతరగతి దేశాలకు అందించేందుకు రెండు కంపెనీలు అంగీకరించాయన్నది వాటి సారాంశం. ఒక కంపెనీ డాక్టర్ రెడ్డీస్, రెండవది హెటిరో. రెండూ హైదరాబాద్ కంపెనీలే. మొదటిదానికి యునిటెయిడ్, క్లింటన్ ఆరోగ్య సంస్థ, దక్షిణాఫ్రికాలోని విట్స్ పరిశోధనా సంస్థ తోడ్పడుతుండగా, రెండవదానికి గేట్స్ ఫౌండేషన్ అండగా నిలిచింది. ఇదే మందుకు అమెరికాలో కనిపెట్టిన కంపెనీ గిలీడ్ నిర్ణయించిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు పాతిక లక్షల రూపాయలకు దొరికే వస్తువు మూడున్నర వేల రూపాయలకు దిగివస్తున్నదన్నమాట.

ఔషధ పరిశ్రమ చరిత్రలో ఇంతటి ధర పతనం అరుదు. తెలుగువారు గర్వించదగిన విషయమే. అయితే ఈ వార్త చదివిన పాఠకునికి సహజంగా తోచవలసిన ప్రశ్న ఒకటున్నది. జాంబియాకు, ఎస్వాటినీకి చేరుతున్న మందు మన దేశంలో ఎవరికి, ఎక్కడ, ఏ పద్ధతిలో అందుతుంది? హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల సంగతి అటుంచుదాం. బంగాళాఖాతం నడుమ ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రమైన మాయాబందర్‌ను ఉదాహరణగా తీసుకుని ఆలోచిద్దాం. ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం వున్నది.

మాయాబందర్ వెళ్లాలంటే ముందుగా పోర్ట్‌బ్లెయిర్ చేరాలి. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడినుంచి అండమాన్ ట్రంక్ రోడ్డుమీద సుమారు 240 కిలోమీటర్ల ప్రయాణం. నడుమ జరావా తెగవారి అభయారణ్యం వున్నది. వాహనాలు నిర్ణీత వేళలలో, పోలీసు కాపలాతో, బారులుగా మాత్రమే ఆ అడవిని దాటాలి. మధ్య జలసంధి వద్ద బల్లకట్టు ఎక్కాలి. 2020లో హంఫ్రీ జలసంధిపై వంతెన కట్టిన తరువాత ఒక బల్లకట్టు తగ్గింది గానీ, రోజంతా పట్టే ప్రయాణమే. లేదంటే పడవ. వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా వుంటే ఆ దారీ నమ్మదగినది కాదు.

ఊరు చిన్నదే అయినా అక్కడి జనం కలగూరగంప. 1925లో బర్మానుంచి తీసుకువచ్చి వెబి గ్రామంలో స్థిరపరచిన కరెన్ తెగవారు, తూర్పు పాకిస్తాన్‌నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులు, అడవి పనులకు రాంచీ ప్రాంతంనుంచి వచ్చిన కూలీలు, తమిళులు, వీరితోపాటు మనవారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు. అంటే మొత్తం జనాభాలో 13 శాతం. వీరిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి చేపలవేటకు, కూలి పనులకు వలస వెళ్లినవారి కుటుంబాలు అనేకం. ఒకప్పుడు అక్కడి ఉపాధికి అడవులు, కలప కోత ఆధారం. 2002 మేలో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతపై ఆంక్షలు విధించాక ఆ ఆధారం సన్నగిల్లింది. చేపలు, కొబ్బరి, పోక, ప్రభుత్వోద్యోగాలు మిగిలాయి. ఇంటి పెద్ద నెలల తరబడి ఇంటికి దూరంగా వుండడం, నగదు చేతికి రాగానే రేవు పట్టణంలో గడపడం, మళ్లీ ఓడ ఎక్కి స్వగ్రామానికి పోవడం అక్కడి జీవనంలో భాగమే.

ఎయిడ్స్ తీవ్రత అధికంగా వున్న ప్రాంతాల జాబితాలో అండమాన్ దీవులు లేవన్నది నిజం. అందుచేతనే అక్కడి ప్రజల గురించి ఎవరికీ తొందర లేదు. కానీ ఆ దీవులకు రాకపోకలు సాగుతున్నది ఏ తీరంతోనో గమనించాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్‌ఐవి వ్యాప్తి దేశ సగటుకు మూడు రెట్లకు పైగా, అంటే 0.67 శాతంగా వున్నది ఆంధ్రప్రదేశ్‌లో. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ మాత్రమే అంతకుమించి వున్నాయి. తెలంగాణ 0.47 శాతంతో వెనువెంటనే వున్నది. బాధితుల సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. వలసదారు వెంట వ్యాధి కూడా ప్రయాణిస్తుందని నిందించడం ఇక్కడ ఉద్దేశం కాదు. వలసదారుకు ఇటు స్వగ్రామంలోనూ అటు దీవిలోనూ రక్షణ లేకుండా పోతున్నదన్నదే చెప్పదలచినది.

బిళ్ల విఫలమైన చోట

లెనకాపవిర్ గొప్పతనం ఏమిటో తెలియాలంటే దానికి ముందున్న పద్ధతిని కొంత తెలుసుకోవాలి. హెచ్‌ఐవి లేనివారు ముందుజాగ్రత్తగా రోజూ ఒక బిళ్ల వేసుకుంటే వ్యాధి సోకదని పదిహేనేళ్ల క్రితమే రుజువైంది. మన దేశంలో కూడా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 చికిత్సా మార్గదర్శకాలలో ఈ నివారణ బిళ్లకు చోటు కల్పించింది. బిళ్ల మంచిదే. సరిగ్గా వేసుకుంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయితే ఆరోగ్యంగా వున్న మనిషి, ఏ నొప్పీ లేని మనిషి, ప్రతిరోజూ ఒక బిళ్ల మింగడం మాటల్లో చెప్పినంత సులభం కాదు. పైగా ఆ సీసా ఎవరి కంటనైనా పడితే, 'వీడికి ఎయిడ్స్ వుందట' అన్న మాట ఊరంతా పాకిపోతుంది. రోగం రాకుండా వాడే మందూ, రోగం వచ్చాక వాడే మందూ ఒకే కుటుంబానికి చెందినవి కావడంతో చూసేవారికి తేడా తెలియదు.

ఈ విషయం దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 16 నుంచి 25 ఏళ్ల వయసు గల యువతులు ఐదువేల మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో స్పష్టంగా బయటపడింది. 2024 జూలైలో దాని ఫలితాలు ప్రకటించారు. లెనకాపవిర్ సూది వేయించుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవి సోకలేదు. ఒక రకం బిళ్ల ఇచ్చిన 1,068 మందిలో 16 మందికి, మరో రకం బిళ్ల ఇచ్చిన 2,136 మందిలో 39 మందికి సోకింది. ఇందులో బిళ్ల దోషం లేదు. రక్తపరీక్షలు చేసి చూస్తే చాలామంది బిళ్లలను క్రమం తప్పకుండా వాడలేదని తేలింది. పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో జరిపిన రెండవ పరిశోధనలోనూ సూది వేయించుకున్న దాదాపు 2,180 మందిలో ఇద్దరికి మాత్రమే సోకింది. వైద్య పరిశోధనలలో సున్నా అనే అంకె కనిపించడం ఎంత అరుదో వైద్యులను అడిగితే చెబుతారు. 'సైన్స్' పత్రిక ఈ మందును 2024 సంవత్సరపు మేటి శాస్త్ర విజయంగా ప్రకటించడం అతిశయోక్తి కాదు.

ఆరు నెలలపాటు ఒక సూది ఎలా పనిచేస్తుందని పాఠకులకు సందేహం కలగవచ్చు. హెచ్‌ఐవి క్రిమిలోని జన్యు పదార్థాన్ని కప్పి వుంచే గుల్లవంటి పొర ఒకటున్నది. లెనకాపవిర్ ఆ పొరకు అతుక్కుని, అది విచ్చుకోవలసినప్పుడు విచ్చుకోకుండా, కూడుకోవలసినప్పుడు కూడుకోకుండా చేస్తుంది. మందు నీటిలో సులభంగా కరగదు. అందువల్ల పొట్టమీది చర్మం కింద సూదితో ఎక్కిస్తే అక్కడే చిన్న నిల్వగా ఏర్పడి, నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి విడుదలవుతుంది. మొదటిసారి రెండు సూదులతోపాటు ఆ రోజు, మరునాడు రెండేసి బిళ్లలు వేసుకోవాలి. తరువాత 26 వారాలకొకసారి రెండు సూదులు చాలు. సూది వేసిన చోట కొందరికి చిన్న గడ్డ కట్టి, నెమ్మదిగా తగ్గుతుంది. ఇంతకుముందే కాబోటెగ్రవిర్ అనే మరో మందు వచ్చింది. 2021 డిసెంబర్‌లో అమెరికా ఆమోదం పొందిన ఆ మందును రెండు నెలలకొకసారి పిరుదు కండరంలో ఎక్కించాలి. దాని చౌకరకం తయారీకి 2023లో లైసెన్సు పొందిన మూడు కంపెనీలలోనూ హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా వున్నది.

ఇప్పుడు మాయాబందర్‌కు తిరిగి వద్దాం. నెల నెలా బిళ్లలకోసం జిల్లా ఆసుపత్రికి వచ్చి, అందరికీ ముఖపరిచయం వున్న వరండాలో వరుసలో నిలబడడం అక్కడి మనిషికి ఎంత కష్టమో వూహించుకోవచ్చు. చిన్న వూళ్లో రహస్యం వుండదు. కాంపౌండర్ బావమరిది పక్కింట్లోనే వుంటాడు. అదే ఏడాదికి రెండుసార్లు అయితే, ఏ జ్వరానికో, ఏ చక్కెర పరీక్షకో వచ్చినట్లు వచ్చి సూది వేయించుకుని వెళ్లవచ్చు. పడవలో దాచుకోవలసిన సీసా లేదు. భర్త కంటబడుతుందన్న భయం భార్యకు లేదు. ఈ చివరి మాటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన దేశంలో హెచ్‌ఐవి సోకిన స్త్రీలలో పెళ్లి తప్ప మరే 'ప్రమాదకర ప్రవర్తనా' లేనివారు ఎందరో వున్నారు. తొడుగు వాడమని భర్తను అడిగే స్వాతంత్ర్యం వారికి ఎన్నడూ లేదు. భర్త అనుమతితో నిమిత్తం లేకుండా స్త్రీ తనను తాను కాపాడుకునే సాధనం ఇన్నాళ్లకు దొరికింది.

మరో అనుకూలత కూడా వున్నది. ఈ మందుకు టీకాలవలె శీతల పెట్టెలు అవసరం లేదు. గది ఉష్ణోగ్రతలో, వెలుతురు తగలకుండా భద్రపరిస్తే చాలు. ఇన్సులిన్ ఇవ్వడం తెలిసిన నర్సుకు కొద్దిపాటి శిక్షణతో ఇది నేర్పవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూలై 14న ఈ మందును సిఫారసు చేస్తూ, సూదికి ముందు చేయవలసిన హెచ్‌ఐవి పరీక్షకు మామూలు ర్యాపిడ్ కిట్లు చాలునని కూడా ప్రకటించింది. ఖరీదైన ప్రయోగశాల కోసం నమూనాలను ఓడలో పంపి, ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూడవలసిన పని తప్పింది. రంగత్, డిగ్లిపూర్‌లలోని ఆరోగ్య కేంద్రాలు కూడా ఈ పని చేయగలవు.

మధ్యలో మానితే ముప్పు

ఇంతవరకు చెప్పినది ఒక ముఖం. రెండవ ముఖం చెప్పకపోతే పాఠకులను మోసగించినట్లే. ఈ మందు ఒకసారి ఒంట్లోకి వెళ్లాక ఏడాదికి పైగా ఆనవాళ్లు మిగులుతాయి. రెండవ సూదికి రానివారి శరీరంలో మందు క్రమంగా పలచబడుతుంది. రక్షణ ఇవ్వడానికి చాలదు, పూర్తిగా పోదు. సరిగ్గా ఆ దశలో హెచ్‌ఐవి సోకితే, క్రిమి ఆ మందుకు లొంగని రూపం దాల్చే ప్రమాదం వున్నది. అందుచేత సూది వేయడం మొదలుపెట్టి, నడుమ సరఫరా నిలిపివేయడం అసలు మొదలుపెట్టకపోవడం కంటే కొన్ని సందర్భాలలో చేటు కావచ్చు. 28 వారాలు దాటితే మళ్లీ పరీక్ష చేసి, బిళ్లలతో సహా మొదటినుంచి ప్రారంభించవలసిందే. క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్ తీసుకుంటున్నవారిలో లెనకాపవిర్ ప్రభావం తగ్గుతుంది, అదనపు మోతాదు ఇవ్వాలి. క్షయ విస్తారంగా వున్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. సిఫిలిస్, గనేరియా వంటి వ్యాధులనుంచి ఈ సూది ఏ రక్షణా ఇవ్వదు కనుక తొడుగు అవసరం తీరిపోలేదు.

మాయాబందర్‌లో మొదటి సూది వేయించుకున్న మత్స్యకారుడు ఆరో నెలలో ఎక్కడుంటాడు? బహుశా సంతబొమ్మాళి మండలంలోని సొంత వూళ్లో వుండవచ్చు. పెళ్లికో, కర్మకో, పండుగకో ఓడ ఎక్కి విశాఖపట్నం వచ్చి, అక్కడినుంచి బస్సులో వెళ్లి వుంటాడు. ఓడ ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. తిరిగి వెళ్లడం అతని చేతిలో లేదు, టిక్కెట్టు దొరకాలి, సముద్రం అనుకూలించాలి. అండమాన్‌లో ప్రారంభించిన మందు టెక్కలి ఆసుపత్రిలో కొనసాగాలంటే రెండు ప్రభుత్వాల రికార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. హెచ్‌ఐవి బాధితులకు ఇచ్చే మందుల విషయంలో ఒక కేంద్రంనుంచి మరో కేంద్రానికి బదిలీ చేసే పద్ధతి ఎలాగూ వున్నది. నివారణ సూదికి కూడా అదే పద్ధతిని వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు. సూదికి రాలేనివారికోసం ఒక వెసులుబాటు వైద్యశాస్త్రమే కల్పించింది. సకాలంలో సూది అందని పరిస్థితి వస్తుందని ముందే తెలిస్తే, వారానికొక బిళ్ల చొప్పున ఆరు నెలల వరకు నెట్టుకురావచ్చు. ఓడ ఎక్కే మనిషి చేతిలో ఆ బిళ్లల పొట్లం పెట్టి పంపే ఇంగితం కార్యక్రమంలో వుండాలి.

రికార్డు అనగానే గోప్యత ప్రశ్న తలెత్తుతుంది. 2017లో పార్లమెంటు ఆమోదించి 2018 సెప్టెంబర్‌నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ నిరోధక, నియంత్రణ చట్టం సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదని, ఎవరి హెచ్‌ఐవి స్థితిని బయటపెట్టరాదని శాసించింది. ఆ చట్టం రాసే నాటికి వ్యాధి సోకినవారు, వారి కుటుంబాలే ప్రధానంగా శాసనకర్తల దృష్టిలో వున్నారు. వ్యాధి లేకుండా ముందుజాగ్రత్తగా సూది వేయించుకునే వ్యక్తి పేరుగల రిజిస్టరుకు కూడా అదే కట్టుదిట్టమైన రక్షణ వుంటుందని ప్రభుత్వం విస్పష్టంగా ప్రకటించవలసి వున్నది. లేకపోతే సూది ఎంత గొప్పదైనా ఆసుపత్రి గుమ్మం తొక్కేవారుండరు. 'ఎవరెవరు వేయించుకుంటున్నారు' అని కుతూహలంతో ఆరా తీసే అధికారులు, పెద్దమనుషులు అన్ని వూళ్లలోనూ వుంటారు.

ధర వెనుక కథ

ఆర్థిక కోణం చూద్దాం. 28,218 డాలర్లనుంచి 40 డాలర్లకు దిగడం ఏ ఒక్కరి దయవల్లా జరిగింది కాదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడిపిఎల్ హైదరాబాద్‌లో ఔషధ కర్మాగారం నెలకొల్పినప్పుడు దాని గిట్టుబాటును ఎగతాళి చేసినవారున్నారు. ఆ సంస్థలో పనిచేసిన అంజిరెడ్డి వంటివారు తరువాతి కాలంలో సొంత కంపెనీలు పెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుల వస్తువుపై కాక తయారీ పద్ధతిపై మాత్రమే హక్కు ఇవ్వడంతో అదే మందును మరో దారిలో చౌకగా తయారుచేసే విద్య మనవారికి అబ్బింది. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల ఎయిడ్స్ చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించినప్పుడు పాశ్చాత్య కంపెనీలు అదే చికిత్సకు 10 వేల డాలర్లకు పైగా వసూలు చేస్తున్నాయి. ఆ ప్రకటన లేకపోతే ఆఫ్రికాలో మరెన్ని లక్షల సమాధులు లేచేవో. మన ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించినది మాత్రం 2004 ఏప్రిల్‌లో. మందు మన గడ్డమీద తయారైనా మన రోగికి మూడేళ్లు ఆలస్యంగా అందిందన్నమాట. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మూడేళ్లే.

ప్రస్తుత ఏర్పాటులో గిలీడ్ 2024 అక్టోబర్‌లో ఆరు కంపెనీలకు రాయల్టీ లేకుండా లైసెన్సులు ఇచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో, ఎమ్‌క్యూర్ భారతీయ కంపెనీలు. 120 దేశాలలో అమ్ముకోవచ్చు, ఆ జాబితాలో భారతదేశం కూడా వున్నది. ఉదారంగానే కనిపిస్తుంది గానీ, జాబితాలో లేని దేశాల పేర్లు కూడా చదవాలి. బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ అందులో లేవు. ఈ మందు పరీక్షకు తమ శరీరాలను ఒప్పగించిన ప్రజలు ఆ దేశాలలోనూ వున్నారు. పరీక్షకు పనికివచ్చినవారు ధరకు పనికిరాలేదు. ఎవరు కొనవచ్చో, ఎవరు కొనరాదో ఒక కంపెనీ గీసే గీత మీద ఆధారపడి వుండడం ఆరోగ్య విధానానికి సరైన పునాది కాదు. మన దేశంలో సంకల్ప్ అనే స్వచ్ఛంద సంస్థ లెనకాపవిర్ పేటెంట్ దరఖాస్తులపై అభ్యంతరాలు దాఖలు చేసింది. ఒకే పదార్థపు చిన్న చిన్న మార్పులకు కొత్త పేటెంట్లు నిరాకరించే సెక్షన్ 3(డి) మన చట్టంలో వున్నందువల్లనే అటువంటి వాదనకు తావు దొరికింది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల బేరసారాలలో ఆ సెక్షన్‌ను బలిపెట్టాలని ఒత్తిడి వచ్చినప్పుడల్లా ఢిల్లీ పెద్దలు ఈ మందును గుర్తు తెచ్చుకోవడం మంచిది.

40 డాలర్లు కూడా కిందికి దిగగల ధరే. ఏటా 50 లక్షలనుంచి కోటి మందికి సరిపడా తయారుచేస్తే ఖర్చు 25 డాలర్లకు తగ్గవచ్చునని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిల్ బృందం 2025లో లెక్కగట్టింది. అంత గిరాకీ ఎక్కడినుంచి వస్తుంది? అమెరికా ప్రభుత్వం 2025 జనవరిలో విదేశీ సహాయాన్ని ఒక్క కలంపోటుతో స్తంభింపజేసినప్పుడు ఆఫ్రికాలో ఎయిడ్స్ క్లినిక్కులు మూతపడిన సంగతి విదితమే. తరువాత గ్లోబల్ ఫండ్‌తో కలిసి అమెరికా ఈ సూదిమందును పంపే కార్యక్రమాన్ని కొనసాగించింది. 2025 నవంబర్‌లో మొదటి విడత ఎస్వాటినీ, జాంబియాలకు చేరింది కూడా. కానీ దాతల దయమీద నడిచే గిరాకీ ఎంత బలహీనమో ఆ జనవరి నెల తెలియజెప్పింది. పెద్ద దేశీయ కొనుగోలుదారు తోడైతేనే హైదరాబాద్ కర్మాగారాల లెక్క కుదురుతుంది. ఆ కొనుగోలుదారు భారత ప్రభుత్వమే కావాలి.

ఖర్చు భరించగలమా అని అడిగేవారికి చిన్న లెక్క. దేశంలో లక్షమందికి ఏడాదిపాటు ఈ సూది ఇవ్వడానికి మనిషికి మూడున్నర వేల చొప్పున మందు ఖరీదు 35 కోట్ల రూపాయలు. 2021-26 కాలానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదవ దశకు కేంద్రం ఆమోదించిన మొత్తం 15,471.94 కోట్లు, అంటే ఏడాదికి సుమారు మూడువేల కోట్లు. 35 కోట్లంటే అందులో ఒక శాతానికి కాస్త పైన. 2023 అంచనాల ప్రకారం దేశంలో 25.44 లక్షల మంది హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. ఆ ఒక్క ఏడాదిలో 68 వేలకు పైగా కొత్తగా దీని బారిన పడ్డారు. 2010తో పోలిస్తే కొత్త కేసులు 44 శాతం తగ్గాయని ప్రభుత్వం చెప్పుకోవడం సమంజసమే. కానీ మిగిలిన 68 వేల మందికీ జీవితాంతం ఉచితంగా మందు ఇచ్చే బాధ్యత కూడా అదే ప్రభుత్వానిది. నివారణకు చేసే ఖర్చును ఆ బాధ్యత పక్కన పెట్టి చూడాలి తప్ప విడిగా చూడరాదు.

తీవ్రత తక్కువగా వున్న దీవులకు ఈ మందు ఎందుకు, ముందు గుంటూరుకు, ఐజ్వాల్‌కు ఇవ్వండి అనేవారుంటారు. ఆ వాదనలో న్యాయం వున్నది. మందు పరిమితంగా వున్నప్పుడు ముందుగా అత్యధికంగా ప్రమాదంలో వున్నవారికే అందాలి. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, పురుషులతో సంబంధాలు గల పురుషులు, సూదులతో మాదకద్రవ్యాలు తీసుకునేవారు, లారీ డ్రైవర్లు, వలస కార్మికులు, భాగస్వామికి హెచ్‌ఐవి వున్నవారు మొదటి వరుసలో వుండాలి. ఆ వరుసలోని మనుషులు మాయాబందర్‌లోనూ వున్నారు, సంఖ్య తక్కువ కావచ్చు. జిల్లా జనాభాయే 2011లో లక్షా ఐదువేలు. అక్కడ కావలసిన సూదులు ఒక అట్టపెట్టెలో పట్టవచ్చు. అంత కొద్దిపాటి సరుకును ఆరు నెలలకొకసారి తప్పకుండా చేర్చగలిగితే, అదే పద్ధతి పాడేరు కొండలకు, సుందర్‌బన్ దీవులకు, లక్షద్వీప్‌కు కూడా పనికివస్తుంది. నగరాలలో పనిచేసే పద్ధతిని తయారుచేసి దీవులకు సాగదీయాలని చూడడం మన ఆరోగ్య శాఖలకు పాత అలవాటు. సాధారణంగా అది రేవు దగ్గరే ఆగిపోతుంది.

కనుక ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం తదుపరి దశకు నిధులు నిర్ణయించేటప్పుడు ఈ సూదిమందుకు ప్రత్యేక పద్దు కేటాయించాలి. 'ప్రయోగాత్మకంగా కొన్ని నగరాలలో' అన్న మాట ఫైళ్లలో మనకు సుపరిచితమే. ప్రయోగానికి ఎంచుకునే జిల్లాలలో కనీసం ఒకటి దీవుల జిల్లా, ఒకటి శ్రీకాకుళం వంటి వలసల జిల్లా కావాలి. ఆ రెండింటి నడుమ రోగి పేరు బయటపడకుండా రికార్డు బదిలీ అయ్యే ఏర్పాటు మొదటి రోజునుంచే వుండాలి. నర్సులకు శిక్షణ తెలుగులో, బెంగాలీలో, హిందీలో ఇవ్వాలి. పొట్లంమీద సూచనలు ఇంగ్లీషులో మాత్రమే వుంటే ఎవరికి ఉపయోగం? అండమాన్ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఒక బల్లచుట్టూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనవసరం లేదు. రెండింటికీ ఒకే ఓడరేవు ఉమ్మడిగా వున్నది. విశాఖ రేవులో ఓడ ఎక్కే జనానికి టిక్కెట్టు కౌంటరు పక్కనే ఒక పరీక్షా కేంద్రం, సూది గడువు దగ్గరపడినవారికి బిళ్లల పొట్లం అందించే ఒక కిటికీ తెరవడానికి ఎంత ఖర్చవుతుందో రెండు సంస్థలూ లెక్కవేసి ప్రజల ముందుంచాలి.